ఇంట కట్టిన విమానమును తూచుట



మన ఊళ్ళలో బండికి ధాన్యపు బస్తాలు వేయువాడు బస్తాల లెక్క మాత్రమే చూడడు. ఏ బస్తా ఎక్కడ పడవలెనో కూడ చూచును. ముందు బరువెక్కువైనచో కాడి ఎడ్ల మెడలను అణచును. అవి మూలుగుచు నడచును, కాని నడచును. వెనుక బరువెక్కువైనచో నొగలు పైకి లేచును, వానితో కాడియు లేచును, మెడపలుపులు ఎడ్ల గొంతులకు ఉరివలె బిగియును. ఇక బండి సాగదు. ఈ రెండు తప్పులలో ఏది పెద్దదో పదియేండ్ల పాలేరు కుఱ్ఱవానికిని తెలియును. నేను ఈ దినమున చెప్పదలచినది విమానముల సంగతి. అయినను మూలసూత్రము మీరెఱిగిన యీ బండి సూత్రమే గనుక దానితో మొదలుపెట్టితిని.

ఇంటిలో విమానము కట్టుటయా యని మీలో కొందఱు నవ్వవచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇది వింత గాదు. తన అభ్యాసమునకును వినోదమునకును విమానము కట్టుకొనువాడు పనిలో సగమునకు మించిన భాగము తానే చేసినచో, దానిని ప్రయోగాత్మక విమానముగా నమోదు చేయుటకు ఆ దేశపు శాసనము అంగీకరించుచున్నది. ఇట్టివారి సంఘమొకటి 1953వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రములో పాల్ పోబరెజ్నీ అను నతని పూనికచే ఏర్పడినది. 1970 మొదలుకొని వారి వార్షిక సమావేశము అదే రాష్ట్రములోని ఆష్‌కాష్ పట్టణమున జరుగుచు వచ్చినది. దానిని మన తిరునాళ్ళతో పోల్చవచ్చును. ఎడ్లబండ్లకు మారుగా వేలకొలది విమానములు వచ్చి పచ్చికలో దిగును. యజమానులు రెక్కల నీడను గుడారములు వేసికొని పండుకొందురు. ఆరెగన్ రాష్ట్రములో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అను నతడు స్థాపించిన కర్మాగారమువారు విమానపు భాగములను పెట్టెలలో పంపుదురు. కొనువాడు తన ఇంటి కొట్టములో రేకులు కలిపి రివెట్లు కొట్టుకొనును. ఈ ఒక్క కర్మాగారపు నమూనాలనుండియే పదివేలకు మించిన విమానములు కట్టబడి ఎగిరినవి.

కర్మాగారమున పూర్తిగా తయారైన విమానమును కొనినవాడు దానిలో చెప్పుకోదగిన మార్పేదైన చేయదలచినచో ఆమోదించిన పత్రము వలయును. తానే కట్టుకొనినవానికి ఆ నిర్బంధము మిక్కిలి తక్కువ. ఇంజను మార్చవచ్చును, ప్రొపెల్లరు మార్చవచ్చును, పీటలు మార్చవచ్చును. ఈ స్వాతంత్ర్యము కొఱకే అతడు సంవత్సరములకొలది రాత్రులు మేల్కొని విమానము కట్టినాడు. ప్రాణాపాయమును ఈ స్వాతంత్ర్యమునందే యున్నది. నేను వృత్తిచే యంత్రశాస్త్రము బోధించువాడను. ఆ దేశమున నుండిన కొలది కాలములో మిత్రుల విమానములను తూచునపుడు చేయి సాయము చేసియున్నాను. అచ్చట చూచినదానికి కొంత శాస్త్రము చేర్చి చెప్పెదను.

మొదట బరువునకును దూరమునకును గల సంబంధము. ఏతాము తొక్కువానిని మీరందఱు చూచినవారే. వాని బరువు మారదు. కాని వాడు దూలము మీద నాలుగడుగులు ఇటు వేసినచో బాన నీటిలోనికి దిగును, నాలుగడుగులు అటు వేసినచో పైకి వచ్చును. అనగా బరువు ఎంతయో తెలిసినంత మాత్రమున చాలదు. అది ఆధారమునుండి ఎంత దూరమున నున్నదో తెలియవలెను. బరువును దూరముచే గుణింపగా వచ్చు లబ్ధమును శాస్త్రమున భ్రామకమందురు. పేరు భయపెట్టునది గాని, పని ఏతామువాడు చేయునదే.

విమానమునందు ఈ దూరములన్నియు కొలుచుటకు ముక్కుకు సమీపమున ఒక గీత నూహింతురు. ఇంజను, మనుష్యులు, పెట్రోలు, మూటలు, ఒక్కొక్కటి ఆ గీతనుండి ఎన్ని అంగుళముల వెనుక నున్నదో వ్రాసికొందురు. ఒక్కొక్కదాని బరువును దాని దూరముచే గుణించి, అన్నిటిని కూడి, మొత్తము బరువుచే భాగింపగా ఒక దూరము వచ్చును. ఆ స్థానమున త్రాడు కట్టి విమానమును వ్రేలాడదీసినచో అది ముందునకు గాని వెనుకకు గాని మొగ్గక నిలుచును. దానిని గురుత్వకేంద్రమందురు. కావడి మోయువాడు బద్దను భుజము మీద జరుపుకొని వెదకికొను చోటు కూడ ఇదియే.

బండికి నేల ఆధారము. గాలిలో విమానమునకు రెక్కలే ఆధారము. గురుత్వకేంద్రము తగినంత ముందుండి తోక వెనుకనున్నచో, బాణమువలె విమానము తనంతట తాను ముక్కు సరిచేసికొనును. బాణమునకు ఇనుప ములికి ముందే ఎందులకు పెట్టుదురు? ములికిని తీసి ఈకలవైపున కట్టి వదలి చూడుడు. అది గాలిలో తిరుగబడును. విమానమున బరువు మితిమీరి ముందునకు పోయినచో, దిగునపుడు చోదకుడు ఎంత లాగినను ముక్కు లేవదు. చక్రములు గట్టిగా నేలను తాకును, ప్రొపెల్లరు విరుగును. ఇది నష్టమే. బరువు వెనుకకు పోయినచో కీడు ఇంకను పెద్దది. వేగము తగ్గి రెక్క గాలిపట్టు విడిచిన క్షణమున ముక్కు తనంతట క్రిందికి వాలవలెను. వాలిననే వేగము తిరిగి వచ్చును, రెక్క మరల గాలిని పట్టును. వెనుక బరువున్న విమానమునకు ముక్కు వాలదు. అది సుడి తిరుగుచు దిగును, ఆ సుడినుండి తప్పించు ఉపాయము చోదకుని చేతిలో నుండదు.

ఇందులో మోసమొకటి కలదు. గురుత్వకేంద్రము కొంచెము వెనుకకు జరిగినచో విమానము తేలికగా చేతికి లొంగును, వేగము కూడ కొంత హెచ్చును. చోదకుడు తన మార్పు ఫలించినదని సంతసించును. ఎడ్లకు మెడ మీది బరువు తగ్గినదని మురిసిన బండివాడు ఇట్టివాడే.

ఎంతవరకు జరుగవచ్చును? నేను చెప్పిన ఆరెగన్ కర్మాగారపు ఆర్‌వి-7 అను ఇద్దఱు కూర్చుండు విమానమును తీసికొందము. దాని రెక్క వెడల్పు ముందంచునుండి వెనుకంచు వరకు 58 అంగుళములు. రెక్క ముందంచునుండి 8.7 అంగుళముల వెనుకకును 16.8 అంగుళముల వెనుకకును నడుమనే గురుత్వకేంద్రము ఉండవలెనని దాని నిర్మాత విధించెను. అనగా ఎనిమిది అంగుళములు, జానెడుకు తక్కువ. ఇద్దఱు మనుష్యులు, వారి మూటలు, నలువది రెండు గాలనుల పెట్రోలు, వీనిని ఎట్లు సర్దినను ఫలితము ఈ జానెడులోపల పడవలెను.

ఇప్పుడొక లెక్క. ఇట్టి విమానమొకటి కట్టబడినదనుకొందము. సంఖ్యలను సులభముగా నుండుటకు నేనే కూర్చుకొంటిని. ఊహారేఖ రెక్క ముందంచునకు 70 అంగుళములు ముందున్నది. కావున ఆ గీతనుండి 78.7 మొదలు 86.8 వరకు గల అంగుళములు మనకు హద్దులు. ఖాళీ విమానమును తూచినపుడు ముందు చక్రములు రెండును కలిసి 1,040 పౌనులు చూపినవి, తోకచక్రము 60 పౌనులు చూపినది. పౌననగా అరకిలోకు కొంచెము తక్కువ. ముందు చక్రములు గీతకు 69 అంగుళముల దూరమున, తోకచక్రము 248 అంగుళముల దూరమున నున్నవి. గుణించి కూడగా 86,640 వచ్చును. 1,100 చే భాగింపగా 78.8. తోక మీది అరువది పౌనులు ఎంత దూరము లాగినవో చూడుడు: అవి లేకున్నచో కేంద్రము 69 అంగుళముల వద్దనే యుండును.

దీనిలో ఒక్కొక్కరు 180 పౌనులు తూగు ఇద్దఱు 97.5 అంగుళముల వద్ద కూర్చుండిరి. వారి వెనుక 127 అంగుళముల వద్ద 50 పౌనుల మూట. రెక్కలలో 80 అంగుళముల వద్ద 252 పౌనుల పెట్రోలు. లెక్క కట్టినచో కేంద్రము 84.1 వద్ద పడును. ప్రయాణము చివర 24 పౌనుల పెట్రోలు మిగిలినపుడు 84.8. పెట్రోలు కేంద్రమునకు ముందున్నది గనుక, అది ఖర్చగుకొలది కేంద్రము వెనుకకు జరుగును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

యజమాని యిప్పుడు విమానమును తేలిక చేయదలచెను. ముక్కున గల లోహపు ప్రొపెల్లరును తీసి కొయ్యది పెట్టెను. 12 అంగుళముల వద్ద 35 పౌనులు తగ్గినవి. ఇంజను వద్ద వేడి ఎక్కువని 15 పౌనుల బ్యాటరీని 55 అంగుళముల చోటునుండి మూటలవెనుక 155 అంగుళముల చోటికి మార్చెను. అక్కడనే 150 అంగుళముల వద్ద 5 పౌనుల యంత్రపరికరమొకటి బిగించెను. మొత్తముమీద విమానము ముప్పది పౌనులు తేలికైనది. మంచి మార్పులే యని ఎవరైనను అందురు.

అదే ఇద్దఱు, అదే మూట, నిండు పెట్రోలు. మొత్తము 1,732 పౌనులు, భ్రామకము 1,50,080, కేంద్రము 86.65. హద్దు 86.8 గనుక వెండ్రుకవాసిలో లోపల నున్నది. బయలుదేరునపుడు తప్పేమియు కనబడదు. పెట్రోలు 24 పౌనులు మిగిలి దిగవలసిన వేళకు మొత్తము 1,504 పౌనులు, భ్రామకము 1,31,840, కేంద్రము 87.7. హద్దు దాటి దాదాపు అంగుళము వెనుక నున్నది. రెక్క గాలిపట్టు విడుచుటకు అవకాశమెక్కువగా నుండునది కూడ వేగము తగ్గించి నేలకు దిగు ఆ వేళయందే. బరువు తగ్గిన విమానము అపాయకరమైనది! తోకదిక్కున చేర్చిన దానికంటె ముక్కుదిక్కున తీసివేసినది తక్కువ కీడు చేయునని తలచుటకు వీలులేదు. తక్కెడలో ఈ పళ్ళెమున వేసినను, ఆ పళ్ళెమునుండి తీసినను ముల్లు ఒకే వైపునకు మొగ్గును గదా.

నివారణ యేమి? ముక్కున 20 అంగుళముల వద్ద సీసము కట్టినచో ఇంచుమించు ఇరువది పౌనులు కావలయును. తగ్గించిన ముప్పదిలో మూడింట రెండువంతులు చచ్చుబరువుగా తిరిగి వచ్చును. అంతకంటె బ్యాటరీని ఒక్కదానిని పాతచోటికి తెచ్చుట మేలు. దిగు వేళ కేంద్రము 86.66 అగును. సీసము కట్టుటకు ముందు, ఉన్న వస్తువునే జరుపుటకు వీలున్నదా యని చూచువాడు నా దృష్టిలో మంచి పనివాడు.

ఇది ఈనాటి చిక్కు గాదు. విమానమును మొదట కట్టిన రైటు సోదరులే ఇంట కట్టువారిలో మొదటివారు. 1903 డిసెంబరు 17వ తేదీన ఎగిరిన వారి విమానము అలమీది తెప్పవలె లేచుచు వాలుచు పోయినది. 1904లో డేటన్ పట్టణము చెంత హఫ్‌మన్ పచ్చికబయలులో రెండవ విమానముతో ప్రయత్నించుచు, ఆ ఊగిసలాట మానుటకై మొదట బరువులను వెనుకకు జరిపి చూచిరి. ఊగుట ఇంకను హెచ్చినది. పిమ్మట ముక్కు క్రింద 70 పౌనుల ఇనుము కట్టిరి, నెమ్మదించినది. విమానమును మొదట కట్టినవారికే తమ రెండవ విమానపు ముక్కున ఇనుము కట్టవలసి వచ్చినదన్నమాట.

బర్ట్ రూటన్ అను అమెరికా శిల్పి రచించిన లాంగ్-ఈజీ విమానము మన బండికి ఇంకను దగ్గఱి చుట్టము. 1980లో అతడు దాని నకళ్ళను అమ్మకమునకు పెట్టెను. దాని ఇంజనును ప్రొపెల్లరును వెనుక నుండును. చిన్న రెక్క ముక్కునను పెద్ద రెక్క వెనుకను ఉండును. చోదకుడు ముందుపీటలో కూర్చున్నంతవరకు తూకము సరిపోవును. అతడు దిగగానే బరువంతయు వెనుకకు పోవును, విమానము తోకమీద పడనెంచును. అందువలన దిగకముందే ముక్కుచక్రమును లోనికి మడిచి, ముక్కును నేలకానించి నిలిపెదరు. ఎడ్లను విప్పిన బండి కాడిని నేలకానించుకొని నిలిచినట్లు అది మోకరిల్లియుండును. ఇట్టి విమానమునకు ఎక్కువ బలముగల ఇంజను పెట్టవలెనని పెక్కుమందికి కోరిక. ఇంజను పెరిగినచో బరువు వెనుకనే పెరుగును, దానికి సరిపడ ముక్కున సీసము పోయవలెను. పల్చని చోదకునకు చాలినంత సీసము లావైనవానికి అక్కరలేదు. లావైనవాని లెక్కతో పల్చనివాడెగిరినచో ప్రాణము మీదికి వచ్చును.

మనుష్యుల బరువు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. మనుష్యుడు తన పెండ్లినాటి తూకమునే ముసలితనము వరకు చెప్పుకొనును! 2003 జనవరి 8వ తేదీన ఉత్తర కరొలినా రాష్ట్రమున షార్లట్ నగరమునుండి బయలుదేరిన ఒక చిన్న ప్రయాణికవిమానము పైకి లేచిన కొలది క్షణములలోనే ముక్కు నిటారుగా లేచి కూలినది. అందలి ఇరువది యొక్కరును మరణించిరి. తోకపలకను కదల్చు తీగెను తప్పుగా బిగించుట మొదటి కారణము. గురుత్వకేంద్రము హద్దు దాటి వెనుకనుండుట దానిని తీవ్రము చేసినది. ఆ పిమ్మట ప్రయాణికుని సగటు బరువుగా లెక్కలో వేయు సంఖ్యను ప్రభుత్వమువారు హెచ్చించిరి. అది కర్మాగారమున కట్టిన విమానము. అయినను ఇంట కట్టువాడు ఈ ఉదంతము చదువకుండ ఉండరాదు. అతని విమానములో సగటు మనుష్యుడు కూర్చుండడు, ఫలానావాడే కూర్చుండును. వానిని తూనికరాతి మీద నిలువబెట్టుటకు మొగమాటమెందులకు?

తూచు విధానము చెప్పెదను. తలుపులు మూసిన కొట్టములోనే తూచవలెను. చిన్న గాలి వీచినను రెక్క కొంత బరువును పైకెత్తి తూకమును చెఱచును. పెట్రోలును వాడరాని అడుగుమిగులు తప్ప పూర్తిగా దింపుదురు. ఇంజను నూనె లెక్కలో చేరినదో లేదో వ్రాసికొందురు. లోపల మఱచిపోయిన పనిముట్లను ఏరివేయుదురు. నేను చూచిన ఒక సందర్భమున పీటక్రింద ఒక సుత్తి దొరకినది. తోకను బల్లమీదికెత్తి, రసమట్టముంచి, గాలిలో పోవునప్పటి వాలులో విమానమును నిలిపెదరు. మూడు చక్రములక్రింద మూడు తూనికయంత్రములు. తాపీపనివారు గోడ నిలువు చూచుకొను గుండుదారమును రెక్క అంచునుండియు చక్రపు ఇరుసునుండియు దింపి, నేలమీద గుర్తులు పెట్టి దూరములు కొలిచెదరు. నమూనాపుస్తకమున నున్న దూరములు పనికిరావు. ఒకే పెట్టెలోని భాగములతో కట్టిన రెండు విమానములైనను సమానముగా తూగవు. రెండిండ్ల వంట ఒకే రుచిగా నుండదు గదా.

రంగు కూడ బరువే. రంగు వేయకముందు తూచి, వేసిన పిమ్మట తూచినవాడు ఆశ్చర్యపడును. రంగు తోకమీద పడిన భాగమునకు దూరమెక్కువ. ఇదిగాక, కదలెడు పలకలమీద రంగు దట్టమైనచో వాని సొంత సమతూకము చెడి, వేగమున అవి జెండాగుడ్డవలె అదరి విఱుగవచ్చును. కావున రంగు వేసిన పలకలను మరల విడిగా తూచి సరిచూడవలెను.

మార్పు చేసిన వెంటనే స్నేహితుని కూర్చుండబెట్టుకొని ఎగురుట ఆ దేశపు నియమములకు విరుద్ధము. బరువును సమతూకమును చెప్పుకోదగినంతగా మార్చునది పెద్ద మార్పుగా వారి శాసనము ఎంచును. అట్టి మార్పు జరిగినచో విమానము తిరిగి పరీక్షాదశకు పోవును. కనీసము ఐదు గంటలు జనావాసములకు దూరముగా చోదకుడొక్కడే ఎగిరి, చూచినది పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. జాగ్రత్తగలవారు మొదట కేంద్రమును హద్దులోపల ముందువైపున నుంచి ఎగురుదురు. పిమ్మట ఇసుకసంచులను కొంచెము కొంచెముగా చేర్చి వెనుకకు జరుపుచు, ప్రతిసారియు విమానపు నడత ఎట్లు మారినదో చూచుకొందురు. సంచులు గాలిలో జరుగకుండ గట్టిగా కట్టుదురు. జరిగిన సంచికి హద్దు తెలియదు.

ఇక పరుల చేతినుండి ఇట్టి విమానము కొనువారి మాట. కట్టినవానికి ఏ తీగె ఎక్కడ చేర్చెనో జ్ఞాపకముండును. అతనినుండి రెండవవానికి, రెండవవానినుండి మూడవవానికి పోవునప్పటికి అట్టి చిన్న చేర్పులెన్నో కాగితముమీదికి ఎక్కక విమానములో నిలిచిపోవును. తూనికపత్రముమీద పది పదునైదేండ్ల నాటి తేది యున్నచో, కొనువాడు బేరము ముగింపకముందే విమానమును తన కన్నుల యెదుట తిరిగి తూయించుకొనవలెను. దానికి మూడు తూనికయంత్రములు, ఒక గుండుదారము, ఇద్దఱు మనుష్యులు ఉన్నచో ఒక పూటలో పని ముగియును.